‘తెలియదు’కీ ‘చెప్పను’కీ మధ్య ఒక గది



ఈసారి పండగ గురించీ కాదు, వంట గురించీ కాదు. ఒక పాత టీవీ సీరియల్‌లోని ఒక్క ఎపిసోడ్ గురించి, అందులో చూపించిన ఒక గది గురించి, ఆ గదికి ఉన్న చరిత్ర గురించి రాస్తున్నాను. కొంచెం పొడవుగా ఉంటుంది. కష్టమైన మాట వచ్చినచోట అర్థం అక్కడే చెబుతాను. చివర ఆ మాటలన్నీ మళ్ళీ ఒకచోట పెట్టాను.

నా రాతలు మొదటిసారి చదువుతున్నవాళ్ళకి నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పుట్టింది గుంటూరులో. చదువంతా ఇంగ్లీషు మీడియం. మా బడిలో తెలుగు మాట్లాడితే పది పైసలు జరిమానా. ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చు కానీ చదవడం, రాయడం రాలేదు. అరవై దగ్గరపడ్డాక, న్యూజెర్సీలో మా గుళ్ళో వాలంటీరుగా చేరాక, నోటీసు బోర్డు మీద తెలుగు చదవలేక సిగ్గుపడి, పెద్ద బాలశిక్ష తెప్పించుకుని మొదలుపెట్టాను. కాబట్టి తప్పులుంటే మన్నించండి.

గుళ్ళో అడిగిన ప్రశ్న

శనివారాలు మా గుళ్ళో ప్రసాదానికి పులిహోర చేస్తాం. ఒక శనివారం నేను నిమ్మకాయలు పిండుతుంటే, నాతోపాటు వంటశాలలో పనిచేసే ఒకావిడ పక్కకి పిలిచింది. యాభై దాటిన మనిషి. ఒక దుకాణంలో లెక్కలు రాస్తుంది.

“అన్నయ్యగారూ, ఒక కాగితం వచ్చింది. కాస్త చదివి చెబుతారా? పిల్లలకి చెబితే కంగారుపడతారు.”

అది సబ్‌పీనా. అంటే ఫలానా రోజు వచ్చి సాక్ష్యం చెప్పమని ఆజ్ఞ. దుకాణం యజమాని మీద ఏదో విచారణ నడుస్తోంది. ఈవిడ మీద కాదు. కానీ ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ ముందు ఈవిడ సాక్ష్యం చెప్పాలి.

“గ్రాండ్ జ్యూరీ అంటే ఏమిటండీ?”

నాకు మాట దొరకలేదు. “పెద్ద పంచాయతీ లాంటిదమ్మా” అనేశాను.

ఆవిడ ముఖం తేటపడింది. “అయితే మా తమ్ముణ్ణి తీసుకెళ్తాను. వాడు బాగా మాట్లాడతాడు.”

నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. పంచాయతీ అంటే రచ్చబండ దగ్గర, నలుగురి ముందూ జరిగేది. మనవాళ్ళు మన పక్కన నిలబడతారు. దారినపోయేవాడు కూడా ఒక మాట వేస్తాడు. గ్రాండ్ జ్యూరీ అలా కాదు. అది తలుపులు మూసిన గది. అందులోకి తమ్ముడు రాడు. లాయరు కూడా రాడు.

ఆ గదిలోకి నేనెప్పుడూ వెళ్ళలేదు. కానీ జిమ్ రాక్‌ఫర్డ్ వెళ్ళగా చూశాను.

రోజుకి 200 డాలర్ల డిటెక్టివ్

‘ద రాక్‌ఫర్డ్ ఫైల్స్’ అనే సీరియల్ ఎన్‌బీసీలో 1974 నుంచి 1980 దాకా వచ్చింది. రాయ్ హగిన్స్, స్టీఫెన్ జె. కానెల్ దాన్ని తయారుచేశారు. జేమ్స్ గార్నర్ హీరో. నేను 1984లో అమెరికా వచ్చేసరికి అది అయిపోయింది. పాత ఎపిసోడ్లు మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. ఉద్యోగం నుంచి వచ్చి, అన్నం పెట్టుకుని, అదే చూసేవాణ్ణి. వ్యాకరణం పుస్తకంలో నేర్చుకున్న నా ఇంగ్లీషుకీ, ఇక్కడ మనుషులు నిజంగా మాట్లాడే ఇంగ్లీషుకీ మధ్య వంతెన వేసింది ఆ సీరియలే.

రాక్‌ఫర్డ్ ప్రైవేట్ డిటెక్టివ్. లాస్ ఏంజెలెస్ దగ్గర మాలిబూలో, సముద్రం ఒడ్డున, ఒక పాత ట్రెయిలర్లో ఉంటాడు. ఫీజు రోజుకి 200 డాలర్లు, ఖర్చులు వేరే. చాలాసార్లు ఆ డబ్బు రాదు. తుపాకీ ఉంది కానీ బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది. కొట్లాట అంటే ఇష్టం లేదు, తప్పించుకునే దారి ఉంటే తప్పించుకుంటాడు. నాన్న రాకీ ఒకప్పుడు లారీ డ్రైవరు. కొడుకుని ఈ పని మానేసి ఏదైనా మర్యాదైన ఉద్యోగం చూసుకోమని పోరుతుంటాడు. మన ఇళ్ళలో నాన్నల్లాగే.

ఇంకొక్క సంగతి ముఖ్యం. చేయని నేరానికి రాక్‌ఫర్డ్ అయిదేళ్ళు శాన్ క్వెంటిన్ జైల్లో ఉన్నాడు. తర్వాత క్షమాభిక్ష వచ్చింది. అయినా పోలీసులు అతన్ని అనుమానంగానే చూస్తారు. ‘నేను చేయలేదు’ అంటే నమ్మనివాళ్ళ మధ్య బతకడం అతనికి అలవాటే.

సో హెల్ప్ మీ గాడ్

1976 నవంబరు 19న వచ్చిన ఎపిసోడ్ పేరు ‘సో హెల్ప్ మీ గాడ్’. అమెరికాలో సాక్షి చేసే ప్రమాణంలో చివరి మాటలు ఇవి. దేవుడు నాకు తోడుగా ఉండుగాక అని అర్థం. దీన్ని రాసింది జువానిటా బార్ట్‌లెట్.

కథలో ఒక కార్మిక సంఘం మనిషి మాయమయ్యాడు. అప్పటి ప్రేక్షకులకి ఇది వినగానే జిమ్మీ హోఫా గుర్తొచ్చి ఉంటాడు. లారీ డ్రైవర్ల సంఘం నాయకుడు హోఫా 1975 జులై 30న డెట్రాయిట్ దగ్గర ఒక రెస్టారెంటు బయట నుంచి మాయమయ్యాడు. ఇప్పటిదాకా దొరకలేదు.

ఆ కేసులో రాక్‌ఫర్డ్‌కి సబ్‌పీనా వస్తుంది. గ్రాండ్ జ్యూరీ ముందు కూర్చోబెట్టి ప్రాసిక్యూటరు ప్రశ్నలు అడుగుతాడు. ప్రాసిక్యూటరు అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయరు. ఆ పాత్ర వేసింది విలియం డేనియల్స్. తర్వాత ‘నైట్ రైడర్’లో మాట్లాడే కారుకి గొంతు ఇచ్చింది ఆయనే. అరవడు, బల్ల గుద్దడు. నీట్‌గా, చిరునవ్వుతో అడుగుతాడు. అందుకే ఎక్కువ భయం వేస్తుంది.

రాక్‌ఫర్డ్‌కి ఆ మనిషి గురించి ఏమీ తెలియదు. నిజంగా తెలియదు. అతని లాయరు బెత్ డావెన్‌పోర్ట్ చురుకైన మనిషి, కానీ ఆమె తలుపు బయటే ఉండాలి. లోపల అతని మాట ఎవరూ నమ్మరు. చివరికి ధిక్కారం కింద జైల్లో పెడతారు.

మామూలు డిటెక్టివ్ కథలో ప్రశ్నలు అడిగేది డిటెక్టివు. తలుపులు తట్టేది, జవాబులు రాబట్టేది అతను. ఇక్కడ ఆ మనిషినే కుర్చీలో కూర్చోబెట్టి అడిగారు. చూస్తున్న మనకి అతను నిజం చెబుతున్నాడని తెలుసు. ఆ గదిలో ఉన్నవాళ్ళకి తెలియదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అప్పటికి నేను వీసా మీద ఉన్న మనిషిని. ‘తెలియదు’ అన్న మాటకి జైలు పడొచ్చా?

ఆ గది ఎక్కడినుంచి వచ్చింది?

గ్రాండ్ జ్యూరీ మూలం ఇంగ్లండులో ఉంది. 1166లో రెండో హెన్రీ రాజు ఒక శాసనం చేశాడు. ప్రతి ప్రాంతంలోనూ పన్నెండుమంది పెద్దమనుషులు ప్రమాణం చేసి, తమ దగ్గర ఎవరు నేరం చేశారని అనుమానం ఉందో రాజు మనుషులకి చెప్పాలి. అంటే మొదట్లో అది రాజు చేతిలోని పనిముట్టే.

తర్వాత మెల్లగా అది ప్రజలకి రక్షణ అయింది. రాజు ఉద్యోగి ఒక్కడే తలుచుకుని ఎవరినీ పెద్ద కేసులో ఇరికించకూడదు, ముందు మామూలు మనుషులు ఆధారాలు చూసి ఒప్పుకోవాలి. అమెరికా వాళ్ళు 1791లో దీన్ని రాజ్యాంగం అయిదో సవరణలో పెట్టుకున్నారు. ఇంగ్లండు మాత్రం 1933లో గ్రాండ్ జ్యూరీలని దాదాపు పూర్తిగా తీసేసింది. అమ్మ ఇంట్లో పారేసిన పాత బిందెని కూతురు ఇంకా వాడుతున్నట్టు.

ఫెడరల్ గ్రాండ్ జ్యూరీలో 16 నుంచి 23 మంది ఉంటారు. ఇది దోషి అవునా కాదా అని తేల్చదు. కేసు పెట్టడానికి తగిన ఆధారం ఉందా అన్నదే చూస్తుంది. కనీసం 12 మంది ఒప్పుకుంటే నేరారోపణ చేస్తారు. సాక్ష్యం చెప్పేటప్పుడు గదిలో జ్యూరీ సభ్యులు, ప్రభుత్వ లాయర్లు, సాక్షి, మాటలు రికార్డు చేసే మనిషి ఉంటారు. అవసరమైతే దుభాషి ఉండొచ్చు. జడ్జి ఉండడు. సాక్షి లాయరు ఉండడు. సాక్షి కావాలంటే బయటకి వచ్చి, వసారాలో తన లాయరుని అడిగి, మళ్ళీ లోపలికి వెళ్తాడు.

ఈ గ్రాండ్ జ్యూరీని పెట్టిన అయిదో సవరణే ఇంకో హక్కు కూడా ఇచ్చింది. ఎవరినీ తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు. ఏ తప్పూ చేయనివాళ్ళకి కూడా ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2001లో మరోసారి చెప్పింది. ఒకే సవరణలో ఒకపక్క గది, ఇంకోపక్క ఆ గదిలో మౌనంగా ఉండే హక్కు.

కానీ 1970లో ఒక చట్టం వచ్చింది. ముఠా నేరాలని పట్టుకోవడానికి చేసిన చట్టం. దాని ప్రకారం ప్రభుత్వం సాక్షికి ఇమ్యూనిటీ ఇవ్వొచ్చు. ‘నువ్వు ఇక్కడ చెప్పిన మాటని, దాని ద్వారా దొరికినదాన్ని నీ మీద కేసులో వాడం’ అని హామీ అన్నమాట. హామీ ఇచ్చాక ఇక మౌనంగా ఉండే హక్కు ఉండదు. అప్పుడు కూడా చెప్పకపోతే కోర్టు ధిక్కారం. చెప్పేదాకా జైల్లో ఉంచొచ్చు. గ్రాండ్ జ్యూరీ గడువు అయ్యేదాకా, లేదా ఎక్కువలో ఎక్కువ 18 నెలలు.

1971లో లాస్ ఏంజెలెస్ ఉన్న ఫెడరల్ జిల్లాలోనే కొందరు సాక్షులు ఇమ్యూనిటీ ఇచ్చినా జవాబు చెప్పలేదు. వాళ్ళ కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1972లో కోర్టు ఆ చట్టం సరైనదే అంది. ఆ రోజుల్లో వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన చాలామందిని గ్రాండ్ జ్యూరీల ముందుకి పిలిచారు. రాక్‌ఫర్డ్ కథ వచ్చింది ఆ తర్వాతి సంవత్సరాల్లో. అది గాల్లోంచి పుట్టిన కథ కాదు.

18 నెలలు అన్నది కాగితం మీది అంకె మాత్రమే కాదు. ప్రెసిడెంట్ క్లింటన్ ఉన్నప్పుడు సూజన్ మెక్‌డూగల్ అనే ఆవిడ గ్రాండ్ జ్యూరీ ముందు జవాబు చెప్పనని, ధిక్కారం కింద ఆ 18 నెలలూ గడిపింది. 2005లో జుడిత్ మిల్లర్ అనే పత్రికా విలేకరి తనకి వార్త చెప్పిన మనిషి పేరు బయటపెట్టనని 85 రోజులు జైల్లో ఉంది.

నిజంగా జైలుకి వెళ్ళిన డిటెక్టివ్

ఇప్పుడు ఇంకొంచెం వెనక్కి వెళ్దాం.

రాక్‌ఫర్డ్‌కి ముత్తాత లాంటివాడు డాషియల్ హామెట్. ఆయన మొదట పింకర్టన్ కంపెనీలో నిజమైన డిటెక్టివు. తర్వాత రచయిత అయ్యాడు. 1930లో వచ్చిన ‘ద మాల్టీస్ ఫాల్కన్’ నవల ఆయనదే. డబ్బు లేని, ఎవరినీ నమ్మని, అయినా తన లెక్కలో ఒక నీతి ఉన్న ప్రైవేట్ డిటెక్టివుని అమెరికా కథల్లో నిలబెట్టినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉంటాడు.

1951లో హామెట్ ఒక బెయిల్ నిధికి పెద్దగా ఉన్నాడు. ఆ నిధి డబ్బుతో బెయిల్ మీద బయటికి వచ్చిన కమ్యూనిస్టు నాయకుల్లో నలుగురు పారిపోయారు. ఫెడరల్ కోర్టు హామెట్‌ని పిలిచి, ఆ నిధికి డబ్బు ఇచ్చినవాళ్ళ పేర్లు అడిగింది. ఇది గ్రాండ్ జ్యూరీ కాదు, జడ్జి ముందు జరిగిన విచారణ. కానీ ప్రశ్న అలాంటిదే. హామెట్ జవాబు చెప్పలేదు. ధిక్కారానికి ఆరు నెలల శిక్ష వేశారు. అందులో దాదాపు అయిదు నెలలు అనుభవించాడు. అప్పటికి ఆయనకి 57 ఏళ్ళు, ఆరోగ్యం బాగాలేదు.

ఆయనతో చాలా ఏళ్ళు కలిసి ఉన్న రచయిత్రి లిలియన్ హెల్‌మన్ తర్వాత ఒక సంగతి రాసింది. హామెట్‌కి అసలు ఆ పేర్లు తెలియవట! ‘నాకు తెలియదు’ అంటే సరిపోయేది. అనలేదు. ఆ ప్రశ్న అడిగే హక్కు వాళ్ళకి లేదని ఆయన నమ్మకం. అందుకే ‘చెప్పను’ అన్నాడు.

రాక్‌ఫర్డ్ ‘తెలియదు’ అంటే నమ్మలేదు. హామెట్ ‘తెలియదు’ అనే మాటని వాడుకోలేదు. ఇద్దరూ జైలుకే.

మూడో మనిషి కూడా ఉన్నాడు. రాక్‌ఫర్డ్ సీరియల్‌ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు రాయ్ హగిన్స్ అని చెప్పాను కదా. ఆయన యవ్వనంలో కమ్యూనిస్టు పార్టీలో ఉండి బయటికి వచ్చేశాడు. 1952లో కాంగ్రెస్ కమిటీ ఒకటి పిలిచి, పాత సహచరుల పేర్లు అడిగింది. ఆయన చెప్పాడు. ఆయన పని ఆగలేదు. తర్వాత ‘మావెరిక్’, ‘ద ఫ్యుజిటివ్’ లాంటి పెద్ద సీరియల్స్ తీశాడు. కానీ ఆ రోజు పేర్లు చెప్పినందుకు తర్వాత విచారించాడు. విచారణ, విచారించడం. తెలుగులో ఈ రెండు మాటలూ ఒకే ఇంటివి. ఒకటి ఎదుటివాళ్ళని అడగడం, ఇంకోటి మనలో మనం బాధపడటం.

చేయని నేరానికి పారిపోతూ బతికే మనిషి కథ ‘ద ఫ్యుజిటివ్’. చేయని నేరానికి జైలుకి వెళ్ళొచ్చిన మనిషి రాక్‌ఫర్డ్. హగిన్స్ మనసులో ఏముందో నేను చెప్పలేను. ‘సో హెల్ప్ మీ గాడ్’ ఆయన రాసింది కూడా కాదు. కానీ హామెట్ కూర్చున్న కుర్చీ, హగిన్స్ కూర్చున్న కుర్చీ, రాక్‌ఫర్డ్ కూర్చున్న కుర్చీ పక్కపక్కన పెట్టి చూస్తే, డిటెక్టివ్ కథ రాసేవాళ్ళకి ఆ గది బాగా తెలుసునని నాకు అనిపిస్తుంది.

మళ్ళీ వంటశాలకి

ఆ శనివారం ఇదంతా నేను ఆవిడకి చెప్పలేదు. రాక్‌ఫర్డ్ కథ మాత్రం చెప్పాను, నా వచ్చీరాని తెలుగులో. మధ్యలో ఇమ్యూనిటీ దగ్గర ఆగిపోయాం.

“ఇమ్యూనిటీ అంటే టీకా వేయించుకుంటే వచ్చేది కదండీ?”

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేం ఉంది? రెండూ రక్షణే. టీకా ఒంటికి, ఇది మాటకి.

తర్వాత ఆవిడ అసలు ప్రశ్న అడిగింది. “నాకు ఏమీ తెలియదంటే వాళ్ళు నమ్ముతారా?”

నలభై ఏళ్ళ కిందట టీవీ ముందు నేను వేసుకున్న ప్రశ్నే. ‘నమ్ముతారమ్మా’ అనడానికి నోరు రాలేదు. ‘నమ్మరు’ అంటే ఆవిడ భయపడుతుంది. నాకు తెలిసినంతవరకు చెప్పాను. “నేను లాయర్ని కాను. ముందు మంచి లాయరుని పట్టుకోండి. మీ యజమాని లాయరు వద్దు, మీకంటూ వేరే లాయరు కావాలి. తెలుగు దుభాషి కావాలని ముందే అడిగించండి. ఇంగ్లీషులో ‘ఐ డోంట్ నో’ అనేసి బయటపడదామని చూడకండి. తెలిసింది తెలుసు అనండి, తెలియనిది తెలియదు అనండి. గుర్తులేకపోతే గుర్తులేదు అనండి. ఏదైనా చెప్పకూడదని అనిపిస్తే, బయటికి వచ్చి మీ లాయరుని అడగండి.”

ఈ మాటలు చెబుతుంటే నాకు ఒకటి తోచింది. నా బడిలో జరిమానా భయంతో నేను నేర్చుకున్నది ఇంగ్లీషు ఒక్కటే కాదు. తెలుగులో తెలిసినదాన్ని కూడా చెప్పకుండా ఊరుకోవడం నేర్చుకున్నాను. ఆ పది పైసలకి ఇన్నేళ్ళకి లెక్క తేలింది. ఒక మనిషికి అవసరమైనప్పుడు చెప్పడానికి నా దగ్గర సొంత భాషలో మాట లేదు, ‘పెద్ద పంచాయతీ’ అన్న తప్పు మాట తప్ప. మనం భాష నేర్చుకునేది పాటల కోసం, అమ్మమ్మతో ఫోనులో మాట్లాడటం కోసం మాత్రమే కాదు. తలుపు మూసిన గదిలోకి వెళ్ళబోయే మనిషికి, తలుపు బయట నాలుగు సరైన మాటలు చెప్పడం కోసం కూడా.

ఆవిడ లాయరుని పెట్టుకుంది. వెళ్ళొచ్చింది. లోపల జరిగింది బయట చెప్పకూడదన్న నియమం ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ సభ్యులకి ఉంది, ప్రభుత్వ లాయర్లకి ఉంది, దుభాషికి కూడా ఉంది. సాక్షికి లేదు. ఆవిడ కావాలంటే నాకు చెప్పొచ్చు. నాకూ వినాలని ఉంది.

తర్వాతి శనివారం ఇద్దరం మళ్ళీ నిమ్మకాయలు పిండాం. నేను అడగలేదు. పులిహోర కలిపాక ఆవిడే ఒక మాట అంది.

“తెలియదు అని చాలాసార్లు అన్నానండీ. చెప్పను అని ఒక్కసారి కూడా అనాల్సిన పని పడలేదు.”

“దుభాషి తెలుగు బాగుందా అమ్మా?”

“బాగుంది. మీకంటే బాగా మాట్లాడాడు.”

ఈసారి మాటలు

సాక్షి: చూసినదీ విన్నదీ చెప్పే మనిషి. ‘మనస్సాక్షి’లో ఉన్నది ఈ మాటే. మన లోపల కూర్చుని అన్నీ చూసే సాక్షి.

సాక్ష్యం: సాక్షి చెప్పే మాట. ‘సాక్షి’ మనిషి, ‘సాక్ష్యం’ మాట. నేను చాలాకాలం ఈ రెండిటినీ కలిపేశాను.

ప్రమాణం: ఒట్టు. కోర్టులో ప్రమాణం, ఇంట్లో ఒట్టు.

నేరారోపణ: నేరం, ఆరోపణ కలిసిన మాట. నేరం చేశావని అధికారికంగా అనడం. దోషి అని తేలినట్టు కాదు.

ధిక్కారం: ఆజ్ఞని లెక్కచేయకపోవడం. కోర్టులో ఇది తప్పు. కవులు వాడితే చాలాసార్లు మెచ్చుకోలు.

దుభాషి: రెండు భాషల మధ్య నిలబడే మనిషి.

తెలియదు, గుర్తులేదు, చెప్పను: మూడూ వేరు. మూడిటినీ ఒకటిగా అనువదించకండి. ఎవరి జీవితమైనా ఆ తేడా మీద ఆధారపడి ఉండొచ్చు.

మళ్ళీ కలుద్దాం. పులిహోర కావాలంటే శనివారం రండి.